ఒకే ప్రోగ్రాముకు రెండు గుర్తులు

థానే జిల్లాలోని భివండి మరమగ్గాల పట్టణం. ఈ పట్టణంలోని పద్మనగర్, కామత్‌ఘర్ మొదలైన పేటలలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. వీరి పెద్దలలో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి సాంచాల పనికి వచ్చినవారు. సాంచా మీద నేసిన గుడ్డను తాకాలుగా మడిచి, లెక్క కోసం ఒక్కొక్క తాకాకు అంకె వేస్తారు. రకం, పొడవు తెలిపే చీటీ పెడతారు. గోదాములోని గుమాస్తా ప్రతి తాకాను విప్పి చూడడు. చీటీ చూసి సరుకును గుర్తుపడతాడు. ఒకే తాకాకు పొరపాటున రెండు చీటీలు పడ్డాయనుకోండి. పుస్తకంలో ఒక తాకా రెండు తాకాలుగా కనబడుతుంది. రెండు వేర్వేరు తాకాలకు ఒకే రకం చీటీ పడిందనుకోండి. ఒకదానికి బదులు ఇంకొకటి బండి ఎక్కుతుంది. మొదటి తప్పు వల్ల లెక్క తేడా వస్తుంది. రెండవ తప్పు వల్ల బేరమే చెడుతుంది.

కంప్యూటరు తెరమీద కనిపించే చిన్న బొమ్మగుర్తులు కూడా ఇటువంటి చీటీలే. గుర్తును నొక్కితే ప్రోగ్రాము తెరుచుకుంటుంది. అందువల్ల గుర్తే ప్రోగ్రామని చాలామంది అనుకుంటారు. ఈ భ్రమ మామూలు రోజులలో ఎవరికీ నష్టం చేయదు. ఒకే ప్రోగ్రాముకు రెండు గుర్తులు కనిపించిననాడు మాత్రం ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో తెలియక చిక్కు వస్తుంది. లినక్స్ కంప్యూటర్లలో ఈ చిక్కు తరచుగా కనబడుతుంది.

లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండులో విద్యార్థిగా ఉండగా 1991లో లినక్స్‌ను మొదలుపెట్టాడు. దాని ఆధారంగా డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ వంటి అనేక వ్యవస్థలు వచ్చాయి. మన దేశంలో సీడాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఆ కోవలోనిదే. వీటిని డబ్బు చెల్లించకుండా పొందవచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త విండోస్ ఎక్కని పాత కంప్యూటరును పారవేయకుండా, దానిలో లినక్స్ పెట్టి వాడుకోవడం ఒక మార్గం. కొత్త కంప్యూటరు కొనలేని ఇంటికి ఇది చిన్న మేలు కాదు.

లినక్స్‌లో ఒక్కొక్క గుర్తు వెనుక ఒక్కొక్క చిన్న ఫైలు ఉంటుంది. దాని పేరు చివర చుక్క పెట్టి ‘డెస్క్‌టాప్’ అనే మాట ఉంటుంది. కాబట్టి దీనిని డెస్క్‌టాప్ ఫైలు అంటారు. ఇందులో రహస్యమేమీ లేదు. ఎవరైనా తెరిచి చదువుకోగలిగిన కొన్ని వరుసలు మాత్రమే ఉంటాయి. ‘నేమ్’ అనే వరుసలో తెరమీద కనబడవలసిన పేరు ఉంటుంది. ‘ఐకాన్’ అనే వరుసలో ఏ బొమ్మ చూపించాలో ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యమైనది ‘ఎగ్జెక్’ అనే వరుస. గుర్తును నొక్కినపుడు నిజంగా ఏ ప్రోగ్రామును నడపాలో అది చెబుతుంది. ఈ వరుసల పేర్లన్నీ కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాలలోనే ఉంటాయి. గుమాస్తా చీటీలో పేరు ఒక్కటే చూసి ఊరుకోడు, తాకా అంకె కూడా చూస్తాడు. అలాగే రెండు గుర్తుల మధ్య తేడా తెలియాలంటే నేమ్ వరుసను కాదు, ఎగ్జెక్ వరుసను చదవాలి.

ఈ చీటీ పద్ధతి అందరికీ ఒకటి కావడానికి కొంత కాలం పట్టింది. లినక్స్‌కు తెరను సమకూర్చే పెద్ద ప్రయత్నాలలో కేడీఈ 1996లోను, గ్నోమ్ 1997లోను మొదలయ్యాయి. ఒకరి పద్ధతి మరొకరికి అక్కరకు రాకపోతే ప్రోగ్రాము రాసినవారు రెండు రకాల చీటీలు రాయవలసి వచ్చేది. ఇటువంటి ఇబ్బందులు తొలగించి ఉమ్మడి పద్ధతులు ఏర్పరచడానికి హావొక్ పెన్నింగ్టన్ 2000లో ఫ్రీడెస్క్‌టాప్ అనే వేదికను ప్రారంభించాడు. డెస్క్‌టాప్ ఫైలు నియమాలను ఆ వేదికే ప్రచురించింది. అయినా పాత అలవాట్లు ఒక్కరోజులో పోవు. డెబియన్‌కు అంతకుముందే సొంత మెనూ పద్ధతి ఒకటి ఉండేది. రెండు పద్ధతులు పక్కపక్కనే చాలా ఏళ్లు నడిచాయి. డెస్క్‌టాప్ ఫైలు ఉన్న ప్రోగ్రాముకు పాత మెనూ ఫైలు కూడా ఉంచరాదని డెబియన్ సాంకేతిక సంఘం 2015లో నిర్ణయించింది. ఒక సరుకుకు రెండు చీటీల తగవు పెద్దల పంచాయితీ దాకా పోయిందన్నమాట.

పద్ధతి ఒకటైనా, చీటీలు ఉంచే చోటు మాత్రం ఒకటి కాదు. కంప్యూటరు వాడే వారందరికీ వర్తించే డెస్క్‌టాప్ ఫైళ్లు ‘యుఎస్ఆర్’ అనే ఫోల్డరులోని ‘షేర్’ లోపల, ‘అప్లికేషన్స్’ అనే ఫోల్డరులో ఉంటాయి. ఒక్కొక్కరికి సొంతమైనవి వారి ఇంటి ఫోల్డరులో, ‘లోకల్’ అనే దాగిన ఫోల్డరు లోపల ఉంటాయి. పేరుకు ముందు చుక్క ఉన్న ఫోల్డరు మామూలుగా కనబడదు. చాలా లినక్స్ కంప్యూటర్లలో ఫైళ్ల కిటికీ తెరిచి కంట్రోల్, హెచ్ మీటలను కలిపి నొక్కితే అది కనబడుతుంది.

ఇక్కడ ఒక నియమం తెలుసుకోవాలి. రెండు చోట్ల ఒకే పేరుతో ఫైళ్లు ఉంటే సొంత ఫోల్డరులోని ఫైలే చెల్లుతుంది, రెండవది మరుగున పడుతుంది. అప్పుడు తెరమీద ఒక్క గుర్తే ఉంటుంది. ఫైళ్ల పేర్లు వేరైతే, లోపలి సంగతి ఒకటే అయినా రెండు గుర్తులు వస్తాయి. పేరు అంటే తెరమీది పేరు కాదు, ఫైలుకు పెట్టిన పేరు. ఈ తేడా పట్టుబడితే చిక్కులో సగం విడిపోయినట్లే.

ఫైళ్ల పేర్లు వేరు కావడానికి అసలు కారణం, ఒకే ప్రోగ్రాము కంప్యూటరులోకి రావడానికి ఒకటికంటె ఎక్కువ దారులు ఉండడం. ఉబుంటు, డెబియన్ వంటివి తమ భాండాగారం నుండి ఇచ్చే డెబ్ ప్యాకేజీ పాత దారి. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అనేవి గత పదేళ్లలో ప్రచారంలోకి వచ్చిన దారులు. ఫైర్‌ఫాక్స్‌నే తీసుకోండి. డెబ్ దారిలో వచ్చినదాని ఫైలు పేరు కేవలం ‘ఫైర్‌ఫాక్స్’. స్నాప్ దారిలో వచ్చినదానికి అదే మాట రెండుసార్లు ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్ దారిలో వస్తే ‘ఆర్గ్, మొజిల్లా, ఫైర్‌ఫాక్స్’ అనే మూడు మాటల నడుమ చుక్కలు ఉంటాయి. మూడింటికీ బొమ్మ ఒకటే, తెరమీది పేరు ఒకటే. కాని ఇవి ఒక తాకాకు పడ్డ మూడు చీటీలు కావు. మూడు వేర్వేరు తాకాలు. ఉబుంటు 2021 అక్టోబరులో ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్‌గా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటినుండి, వేరొక దారిలో కూడా తెచ్చుకున్నవారి తెరమీద జంట గుర్తులు కనబడడం మామూలైపోయింది.

మూడింటిలో ఏది నొక్కినా ఫైర్‌ఫాక్సే కదా, తేడా ఏమిటి అని అడగవచ్చు. తేడా ఉన్నది. ఒక్కొక్కటి తన సామాను తన చోటనే దాచుకుంటుంది. స్నాప్ ఫైర్‌ఫాక్స్ ఇంటి ఫోల్డరులోని ‘స్నాప్’ అనే ఫోల్డరులో దాచుకుంటుంది. ఫ్లాట్‌ప్యాక్ ఫైర్‌ఫాక్స్ ‘వార్’ అనే దాగిన ఫోల్డరులో దాచుకుంటుంది. డెబ్ ఫైర్‌ఫాక్స్ చాలా ఏళ్లుగా ‘మొజిల్లా’ అనే దాగిన ఫోల్డరును వాడుతున్నది. ఉబుంటులో స్నాప్ మొదటిసారి నడిచినపుడు పాతదాని నుండి ఒక నకలు తీసుకుంటుంది. తరువాత ఎవరి దారి వారిది.

ఒక విద్యార్థిని మహాడీబీటీలో ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టి, తన సంకేతపదాన్ని ఫైర్‌ఫాక్స్‌లో దాచుకుందనుకోండి. కొన్ని నెలల తరువాత గడువు దగ్గరపడి, తెరమీద ఉన్న రెండవ గుర్తును నొక్కుతుంది. దాచుకున్న సంకేతపదం ఉండదు, గుర్తుపెట్టుకున్న పేజీలు ఉండవు. అంతా పోయిందని కంగారుపడుతుంది. నిజానికి ఏమీ పోలేదు. అవన్నీ మొదటి ఫైర్‌ఫాక్స్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ సంగతి తెలియక, రెండు గుర్తులు ఎందుకని ఇంట్లో ఎవరైనా మొదటి ఫైర్‌ఫాక్స్‌ను దాని సామానుతో సహా తుడిచేస్తే మాత్రం నిజమైన నష్టం జరుగుతుంది. అందువల్ల గుర్తులు రెండైనప్పుడు ముందుగా చేయవలసింది తీసివేయడం కాదు, పోల్చి చూడడం.

పోల్చడం కష్టమైన పని కాదు. ఫైర్‌ఫాక్స్ విషయంలో చిరునామా రాసే చోట ఇంగ్లీషులో ‘అబౌట్’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ‘సపోర్ట్’ అని రాస్తే ఒక పేజీ వస్తుంది. ప్రోగ్రాము ఏ చోటినుండి నడుస్తున్నదో, సామాను ఏ ఫోల్డరులో ఉన్నదో ఆ పేజీ చెబుతుంది. రెండు గుర్తులనూ ఒకదాని తరువాత ఒకటిగా తెరిచి ఆ వరుసలను కాగితం మీద రాసుకుంటే సందేహం తీరుతుంది. మిగతా ప్రోగ్రాములకు డెస్క్‌టాప్ ఫైలును నొక్కకుండా, పాఠం రాసుకునే ఎడిటరుతో తెరిచి ఎగ్జెక్ వరుస చదవాలి. అందులో ఫ్లాట్‌ప్యాక్ అన్న మాటో, స్నాప్ అన్న మాటో ఉంటే ఆ సరుకు ఏ దారిన వచ్చిందో తెలిసిపోతుంది.

రెండు ఎగ్జెక్ వరుసలు వేరైతే అవి రెండు ప్రోగ్రాములు. కావలసిన సామాను దేనిలో ఉన్నదో చూసుకొని, లేదా అవసరమైనవి దానిలోకి మార్చుకొని, రెండవదాన్ని అది వచ్చిన దారిలోనే తొలగించాలి. స్నాప్‌ను తొలగిస్తే మామూలు కంప్యూటర్లలో దాని సామాను నకలు 31 రోజులపాటు ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్‌ను తొలగించినపుడు సామాను కూడా తుడవమని ప్రత్యేకంగా చెబితే తప్ప అది అలాగే ఉంటుంది. ఇవి పొరపాటుపడినవారికి ఉన్న రక్షణలు. వీటిని నమ్ముకొని తొందరపడడం మాత్రం మంచిది కాదు.

రెండు ఎగ్జెక్ వరుసలూ ఒకటే అయితే అది ఒక తాకాకు రెండు చీటీలు పడిన సంగతి. ఎవరో ఎప్పుడో సొంత ఫోల్డరులో వేరే పేరుతో ఒక ఫైలు రాసిపెట్టి ఉంటారు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ కూడా అక్కడే ఫైళ్లు వదులుతుంది. ఆ ప్రోగ్రామును తీసివేసిన తరువాత కూడా ఒక్కొక్కసారి గుర్తు మిగిలిపోతుంది. తెలుగు పెట్టుకున్న కంప్యూటరులో ఈ జంటను గుర్తించడం మరింత కష్టం. డెస్క్‌టాప్ ఫైలులో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క నేమ్ వరుస ఉండవచ్చు. తెలుగుకు గుర్తుగా పక్కన ‘టీ, ఈ’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఆ వరుసలను తెలుగులోకి మార్చినవారు ఎక్కువగా జీతం లేకుండా పనిచేసిన స్వచ్ఛంద అనువాదకులు. ఒక ఫైలులో తెలుగు పేరు ఉండి, సొంతంగా రాసిన రెండవ ఫైలులో ఇంగ్లీషు పేరే ఉంటే, ఒకే ప్రోగ్రాము రెండు పేర్లతో జాబితాలో దూరదూరంగా కనిపిస్తుంది.

దీనికి విరుద్ధమైన సంగతి కూడా ఉన్నది. రెండు వేర్వేరు ప్రోగ్రాములు ‘టెక్స్ట్ ఎడిటర్’ అనే ఒకే పేరు పెట్టుకోవచ్చు. 2019లో వచ్చిన లినక్స్ మింట్ 19.2లో దీనికి చక్కని ఉపాయం చేశారు. పేర్లు ఒకటైతే మెనూలో పక్కనే ప్రోగ్రాము అసలు పేరో, ఫ్లాట్‌ప్యాక్ అనో చూపిస్తారు. అన్ని వ్యవస్థలూ ఇలా చేస్తే బాగుండేది.

అక్కరలేని చీటీ సొంత ఫోల్డరులో ఉంటే దాన్ని వేరొక చోటికి మార్చి చూడవచ్చు. అంతా సరిగా ఉన్నదనుకున్నాకనే తీసివేయవచ్చు. అది అందరి ఫోల్డరులో ఉంటే అక్కడ చేయి పెట్టరాదు. అక్కడ దిద్దినా తరువాతి నవీకరణలో మళ్లీ వస్తుంది. ఆ ఫైలును అదే పేరుతో సొంత ఫోల్డరులోకి నకలు తీసి, మొదటి భాగంలో ‘నోడిస్‌ప్లే’ అని రాసి, సమానం గుర్తు పెట్టి, ‘ట్రూ’ అని రాయాలి. ముందు చెప్పిన నియమం ప్రకారం సొంత నకలే చెల్లుతుంది కాబట్టి గుర్తు మెనూ నుండి మాయమవుతుంది. ప్రోగ్రాము అలాగే ఉంటుంది. ఫైళ్లను తెరవడానికి కూడా పనికివస్తుంది. మనసు మారితే ఆ నకలును తీసివేస్తే చాలు, గుర్తు తిరిగి వస్తుంది.

మెనూలో ఒక్క గుర్తే ఉండి, ప్రోగ్రామును తెరిచినపుడు మాత్రం అంచునున్న పట్టీలో రెండవ గుర్తు పుట్టడం కూడా కద్దు. ఇది చీటీలు ఎక్కువ కావడం కాదు. తెరుచుకున్న కిటికీ తన పేరు ఒకటి చెబుతుంది, చీటీలో మరొకటి ఉంటుంది. రెండూ ఒకటేనని తెలియక పట్టీ కొత్త గుర్తు వేస్తుంది. గ్నోమ్‌లో ఆల్ట్, ఎఫ్2 మీటలు నొక్కి ఇంగ్లీషులో ‘ఎల్, జీ’ అని రాస్తే ఒక పరిశీలన కిటికీ వస్తుంది. అందులో ‘విండోస్’ అనే భాగంలో ఆ కిటికీ చెప్పే పేరు ఉంటుంది. ఆ పేరును డెస్క్‌టాప్ ఫైలులో ‘స్టార్టప్ డబ్ల్యుఎం క్లాస్’ అనే వరుసలో అక్షరం తేడా లేకుండా రాసి, ప్రోగ్రామును మూసి మళ్లీ తెరిస్తే సాధారణంగా రెండు గుర్తులూ ఒకటవుతాయి.