ఎండిన ఒలీవ చెట్లకు అంటు కడుతున్న ఊళ్లు

ఇటలీ దేశపటము చూస్తే బూటు తొడిగిన కాలు గుర్తుకు వస్తుంది. ఆ బూటు మడమ దగ్గర ఉన్నదే పుల్యా ప్రాంతము. దానికి ఒకవైపు ఆద్రియ సముద్రము, మరొకవైపు అయోనియా సముద్రము. రెండూ మధ్యధరా సముద్రపు భాగాలే. అపొస్తలుడైన పౌలు రోమాకు వెళ్లేటప్పుడు నడిచిన అప్పియా మార్గము ఒకప్పుడు ఇక్కడి బ్రిందిసి రేవు దగ్గర ముగిసేది. 2024లో ఆ మార్గమును యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చారు.

మేము మొదట ఒత్రాంతో పట్టణము చూశాము. ఇటలీలో అన్నిటికంటె తూర్పున ఉన్నది ఈ పట్టణము ప్రక్కనున్న పలాషా కొమ్మే. ఇక్కడి పెద్ద దేవాలయములో నేలంతా రంగురాళ్ల ముక్కలతో పొదిగిన చిత్రమున్నది. పంతలెయోనె అను సన్యాసి 1163 నుండి 1165 వరకు దానిని చేయించాడు. రెండు ఏనుగుల వీపు మీద నిలిచిన ఒక మహావృక్షము, దాని కొమ్మల మధ్య ఆదాము హవ్వలు, నోవహు ఓడ కనబడతాయి. పన్నెండు నెలలకు పన్నెండు వలయాలు గీసి, ఏ నెలలో రైతు ఏ పని చేస్తాడో చూపించారు. సేద్యము చేసుకునే మనవంటి వారు ఆ వలయాల దగ్గర ఎక్కువసేపు నిలబడిపోతారు.

భోజనము కూడా పేదరైతుల ఇంటి నుండి పుట్టినదే. ఎండు బాకలా గింజలను మెత్తగా ఉడికించి మెదిపి, ప్రక్కన చేదు ఆకుకూర పెట్టి, పైన ఒలీవ నూనె పోస్తారు. మన పప్పు, ఆకుకూరల జోడీయే అనిపించింది. గోధుమ రవ్వను నీళ్లతో పిసికి, బొటనవ్రేలితో నొక్కి చేసే ముద్దలను "చిన్న చెవులు" అని పిలుస్తారు. రెండుసార్లు కాల్చిన గట్టి రొట్టెను నీటిలో ముంచి, టమాటా, నూనె వేసి తింటారు. చాలా రోజులు నిలువ ఉంటుంది గనుక పొలానికీ పడవ మీదికీ అదే చద్దిమూట.

ఈ భోజనమంతటికీ ఆధారము ఒలీవ నూనె. గల్లీపోలి పట్టణములో రాతిని తొలిచి నేల క్రింద కట్టిన పాత గానుగలున్నాయి. క్రింద వెచ్చగా ఉంటే నూనె బాగా దిగుతుందని అలా కట్టారు. ఆ నూనెతో ఐరోపా నగరాలలో దీపాలు వెలిగేవి.

అయితే గల్లీపోలి దాటి పొలాలలోకి వెళ్లేసరికి మా మాటలు ఆగిపోయాయి. మైళ్ల కొలది చెట్లు బూడిదరంగుకు తిరిగి ఎండి నిలిచి ఉన్నాయి. 2013లో ఇక్కడ జైలెల్లా అను సూక్ష్మక్రిమి బయటపడింది. మధ్య అమెరికా నుండి వచ్చిన కాఫీ మొక్కతో చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. చెట్టులో నీరు పారే నాళాలను అది మూసివేస్తుంది. గడ్డి మీద ఉమ్మివంటి నురుగులో పెరిగే చిన్న పురుగు దానిని చెట్టునుండి చెట్టుకు మోస్తుంది. లక్షలాది చెట్లు చచ్చిపోయాయి. సోకిన చెట్టును బాగుచేసే మందు లేదు. తెగులు ఉత్తరాన ఓస్తూని దగ్గరి పురాతన తోటల వరకు ప్రాకింది.

సోకిన చెట్టు చుట్టూ 100 మీటర్లలో ఉన్న, పైకి బాగున్న చెట్లను కూడా కొట్టివేయాలని ప్రభుత్వము చెప్పినప్పుడు అనేకమంది అడ్డుపడ్డారు. తాతముత్తాతలు నాటిన చెట్టును, ఇంకా కాపు కాస్తున్న చెట్టును ఎవరు నరకగలరు? చివరకు 2016లో ఐరోపా న్యాయస్థానము ఆ ఆజ్ఞ సరియైనదే అని తీర్పు చెప్పింది. ఈలోగా తెగులు ఆగలేదు. ప్రేమతో కాపాడిన చెట్టే పొరుగువాని తోటకు ప్రమాదమగుట ఎంత బాధాకరము!

అయినా అక్కడి రైతులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. లెచ్చీనో, ఫవోలోజా అను రెండు రకాలు ఈ తెగులును తట్టుకుంటాయని తెలిసి, వాటిని కొత్తగా నాటుతున్నారు. కొందరు ముసలి మొద్దులకే లెచ్చీనో కొమ్మలు అంటుకట్టారు. పురుగు రెక్కలు తొడగకముందే వసంతకాలములో కలుపు దున్నివేస్తున్నారు. రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో ఒలీవ అంటును గూర్చి మనము ఎన్నోసార్లు చదివాము. ఇక్కడ అది బ్రతుకుతెరువు.

అంటు కట్టిన చెట్లన్నీ నిలుస్తాయని చెప్పలేము. కాని మనకు ఒక మాట మాత్రము తెలిసింది. ఊరుకాని ఊరినుండి ముచ్చటపడి తెచ్చుకునే ఒక్క మొక్క ఒక ప్రాంతపు పంటనంతా నాశనము చేయగలదు. కాబట్టి, ప్రియులారా, మనము ప్రయాణాలకు వెళ్లినప్పుడు అక్కడి నూనె, రొట్టె రుచి చూద్దాము, కొనుక్కుందాము. మొక్కను, కొమ్మను మాత్రము తనిఖీ లేకుండా సంచిలో పెట్టుకొని రావద్దు. మన పొలానికే కాదు, ప్రక్కవాని పొలానికి కూడా మనము జవాబుదారులము.