సముద్రం దాటి వచ్చిన సరుకు



వెనకటికి కొట్లో కొన్న చీరలో చిరుగు కనబడితే, మర్నాడు తీసుకెళ్ళి మార్చుకునేవాళ్ళం. కొట్టువాడు మన ఊరివాడే గనుక కాదనడానికి మొహమాటపడేవాడు. ఇప్పుడో? ఫోన్‌లో బొమ్మ చూసి, ఏ దేశంలోనో వున్న అమ్మకందారు నుంచి సరుకు తెప్పించుకుంటున్నాం. వచ్చింది విరిగిపోయినదైతే అడగడానికి ఆ కొట్టు గడప ఎక్కడుంది? ఈ తిరుగుడంతా ఎవరు తిరుగుతారులే అని చాలామంది ఆ డబ్బుకి నీళ్ళొదులుకుంటారు. అలా వదులుకోనక్కర్లేదు.

2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఆ నెలలోనే ఆన్‌లైన్ వ్యాపారానికి ప్రత్యేక నియమాలు కూడా వెలువడ్డాయి. విదేశంలో వున్న సంస్థ అయినా సరే, మన దేశంలోని కొనుగోలుదారులకు ఒక పద్ధతి ప్రకారం సరుకు అమ్ముతూంటే ఈ నియమాలు దానికీ వర్తిస్తాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. వస్తువు లోపంతో వచ్చినా, నకిలీది అయినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా, వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు ఇవ్వననడానికీ అమ్మకందారుకు వీల్లేదు. ఆలస్యానికి వరదల వంటి చేతిలో లేని కారణం వుంటే మాత్రం మినహాయింపు. "రంగు బాగానే వుంది గానీ నా మనసు మారింది" అంటే ఆ హక్కు రాదు. యూరోపు దేశాల్లో కారణం చెప్పకుండానే 14 రోజుల్లో తిప్పి పంపే హక్కు చట్టంలోనే వుంది. మనకు అలాంటిది లేదు. అది అమ్మకందారు పెట్టుకున్న షరతుల మీద ఆధారపడుతుంది. తిప్పి పంపే ఖర్చు ఎవరిదో ఆ షరతుల్లో స్పష్టంగా తెలియజెయ్యాలి. కొనేముందే అది చదువుకోండి.

సరే, చంటిపిల్లకి నూలు గౌను అని తెప్పిస్తే నైలాను గౌను వచ్చిందనుకోండి. ఏం చెయ్యాలి? ముందుగా దాన్ని తొడగకండి, ఉతకకండి. పెట్టె, చీటీ, బిల్లు పారెయ్యకండి. ఫొటోలు తీసి, అమ్మకందారుకూ, ఆ వేదిక ఫిర్యాదుల అధికారికీ రాతపూర్వకంగా తెలియజెయ్యండి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం పలుకుతుంది. కార్డుతో డబ్బు కట్టివుంటే బ్యాంకుకు కూడా వెంటనే ఫిర్యాదు రాయండి.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది. 1986 నాటి చట్టంలో కేసు ఎక్కడ వెయ్యాలన్నది ఎక్కువగా అమ్మినవాడి చోటును బట్టి వుండేది. ఇప్పుడు మనం నివసించే జిల్లాలోనే వెయ్యవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్ళు.

మరి కట్టిన కస్టమ్స్ సుంకం సంగతేమిటి? అదీ వాపసు అడగవచ్చు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 26ఎ సెక్షను అందుకు వీలు కల్పిస్తోంది. అయితే వస్తువును లోపం తెలుసుకోవడానికి తప్ప వాడి వుండకూడదు. మామూలుగా, విడుదల ఉత్తర్వు ఇచ్చిన 30 రోజుల్లోగా అది తిరిగి దేశం దాటిపోవాలి. కాబట్టి సుంకం రసీదు భద్రంగా దాచండి. జాప్యం చేస్తే నష్టం మనకే.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మన దేశంలో ఆఫీసు గానీ, ఆస్తి గానీ లేని అమ్మకందారు మీద కమిషన్ తీర్పు ఇచ్చినా, దాన్ని అమలు చేయించడం కష్టం. అందుకే జాగ్రత్తంతా కొనకముందే పడాలి. సరుకు ఏ దేశానిది, దిగుమతి చేసినవారెవరు, ఫిర్యాదుల అధికారి పేరేమిటి అన్నవి పేజీలో కనబడాలి. అవి లేనిచోట ధర ఎంత చవగ్గా వున్నా ఆశపడకండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళచేత ఆ వివరాలు వెతికించండి. డబ్బు కట్టేది ఆ తర్వాతే.