అందుగు బంక క్యాన్సర్‌ని తగ్గిస్తుందా?

పై వీడియోలో చూపించింది అందుగు చెట్టు బంక. ఆయుర్వేదం షాపుల్లో శల్లకి పేరుతో దొరికేది దీని సారమే. ఇది క్యాన్సర్‌ని తగ్గిస్తుందని ప్రచారం గట్టిగా ఉంది. అందులో నిజమెంతో చూద్దాం.

ఈ బంకలో బోస్వెల్లిక్ ఆమ్లాలు ఉంటాయి. ఒంట్లో వాపు పుట్టించే 5-లిపాక్సిజినేజ్ అనే ఎంజైముని ఇవి అడ్డుకుంటాయి. ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాల్ని చంపాయి కూడా. కానీ సీసాలో పురుగుని చంపిన ప్రతి కషాయమూ చేలో పనిచేయదు కదా! ఇదీ అంతే. పైగా ఈ ఆమ్లాలు మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

మరి మనుషుల్లో? మెదడు గడ్డలకి రేడియేషన్ తీసుకుంటున్న 44 మంది మీద జర్మనీలో చేసిన పరిశోధన 2011లో వచ్చింది. కొందరికి రోజుకి 4,200 మిల్లీగ్రాముల సారం, మిగతావాళ్లకి మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చారు. సారం వాడినవాళ్లలో 60 శాతం మందికి మెదడు వాపు 75 శాతానికి పైగా తగ్గింది. ఉత్త మాత్రల వాళ్లలో 26 శాతం మందికే అలా తగ్గింది.

గమనించండి, బాగా తగ్గింది వాపు. గడ్డ మాయమైందని కాదు. అదీ రేడియేషన్‌తో పాటు ఇచ్చారు, దానికి బదులు కాదు.

అందుకే ఎవరూ చికిత్స ఆపి దీన్ని నమ్ముకోవద్దు. వాడాలనుకుంటే ముందు డాక్టరుకి చెప్పండి. బంక అమ్మేవాళ్లకి ఇంకో మాట: క్యాన్సర్ నయమవుతుందని ప్రకటన ఇస్తే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ధూపానికని అమ్మండి, ధైర్యంగా అమ్మండి.