బండి కింద అట్ట పరిచి చూడండి



మా తండాలో మామకు పాత జీపు ఉండేది. పోయిన ఎండాకాలం గుంతకల్లుకు పోతా ఉంటే ఇంజను పట్టేసింది. ఆయిలంతా కారిపోయిందంట. మన ఉరవకొండ దుమ్ము నూనెను తాగేస్తుంది, మరక కనపడదు. మెకానిక్ అన్న అప్పుడు చెప్పినవి రాస్తున్నాను.

రాత్రి బండి కింద అట్ట పరచాల. పొద్దున నల్లగానో గోధుమరంగుగానో జిడ్డు చుక్కలుంటే అది ఇంజనాయిలు. చక్రం దగ్గర పలచగా, లేత పసుపుగా ఉంటే బ్రేకాయిలు. ఆ బండిని కదిలించనే కూడదు. ఏసీ కారు కింద ఉత్త నీళ్లు పడితే భయం లేదు (నేను దానికే అరిచినాను, అందరూ నవ్వినారు).

కాలిన వాసన వస్తే ఆయిలు వేడి సైలెన్సరు మీద పడుతూ ఉండొచ్చు. నీలం పొగ వస్తే ఇంజను లోపలే ఆయిలు మండుతోందని. అప్పుడు కింద చుక్క కూడా పడకపోవచ్చు. అందుకని ఇంజను చల్లారినాక, బండి సమంగా నిలిపి, గేజికడ్డీ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయాల. తడి రెండు గీతల నడుమ ఉండాల.

దారిలో ఎర్రగా నూనెడబ్బా బొమ్మ వెలిగితే వెంటనే ఇంజను ఆపేయాల. మామ జీపులో ఆ బల్బు ఎప్పుడో మాడిపోయింది. ఇప్పుడు మామ బెంగళూరులో కూలికి పోతున్నాడు.

— 9వ తరగతి