వార్తల్లో పదం: నేలమట్టపు ఓజోన్

పైన ఆకాశంలో మనకు గొడుగు పట్టే ఓజోనే, నేల మీద ఊపిరితిత్తులకు చేటు. ఇది ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగిన బస్సులు, ఆటోల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, పెయింట్ల ఆవిర్లు ఎండ తగిలితే కలిసి ఓజోన్‌ను పుట్టిస్తాయి. చిత్రమేమిటంటే, రద్దీ కూడలిలో తాజా పొగ ఓజోన్‌ను కొంత హరిస్తుంది. గాలివాలున ఉన్న శివార్లలో ఓజోన్ పెరుగుతుంది.

ఓజోన్ ఎక్కడ ఎంత ఉంటుందో లెక్క తేల్చేదే మోడలింగ్. ప్రాంతాన్ని కంప్యూటర్‌లో గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో పొగ, ఎండ, గాలి, రసాయన చర్యలను గంటగంటకూ గణిస్తారు. ఫలితాన్ని సనత్‌నగర్ వంటి పర్యవేక్షణ కేంద్రాల కొలతలతో సరిచూడవచ్చు. దేశంలో ఓజోన్ పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు.