మధుమేహము – వంశక్రమము

మా తండ్రిగారికి మధుమేహముండెను. నాకును తప్పదేమో యని చిరకాలము భయపడితిని.

మా అంబరుపేటకు చేరువనే, హబ్సిగూడలో, సీ.సీ.ఎం.బీ. అను పరిశోధనాలయము కలదు. టీసీఎఫ్‌7ఎల్‌2 అను జన్యువులోని యొక మార్పునకు ఈ వ్యాధితో సంబంధము కలదని 2006లో ఐస్‌లాండు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది భారతీయులయందును నిజమేయని 2007లో ఇచ్చటి శాస్త్రజ్ఞులు పుణె వైద్యులతో కలిసి నిరూపించిరి. ఆ మార్పువలన క్లోమము ఇన్సులినును స్రవించు శక్తి కొంత తగ్గును. ఆ మార్పు తల్లినుండి గాని తండ్రినుండి గాని సంక్రమించినచో అపాయము సుమారు ఒకటిన్నర రెట్లగును. అంతియే గాని వ్యాధి నిశ్చయము కాదు.

విత్తున్నంతనే పైరు కాదు, నీరును కావలెను. అమితాహారము, కదలని జీవనము ఆ నీరు. బరువు తగ్గించుకొని, వ్యాయామము చేసినవారిలో ఈ జన్యువు వలని యపాయము చాలవరకు తగ్గెనని 2006లో వెలువడిన అమెరికా పరిశోధన తెలిపినది.

నేను ప్రతిదినము వేకువనే నడచుచున్నాను. నా కుమారుని కూడ వెంటబెట్టుకొనుచున్నాను.