గాజుతొట్టిలో సన్యాసి పీతలు

ఉప్పునీటి తొట్టిని ఇంట నిలుపగోరు గృహస్థునకు, నాచును, చేపలు విడిచిన మేతశేషములను శుభ్రపఱచుటకై నాలుగైదు సన్యాసి పీతలను కూడ కొనిపొమ్మని అంగడివారు సలహా చెప్పుట పరిపాటియైనది. ఈ సలహాయందు సత్యము లేకపోలేదు. ఆ ప్రాణి రాళ్లపై నాచును గీకి తినును, సందులలోని మృతపదార్థమును వెదకి భుజించును. కాని దానిని పారిశుద్ధ్యసాధనముగా మాత్రమే తలచి, తొట్టిలో వేసి మఱచుటచేతనే, పెక్కేండ్లు జీవింపదగిన పీతలు కొలది మాసములలో నశించుచున్నవని నా దృఢవిశ్వాసము. చేపకు కావలసిన ఆహారము, నిర్మలజలము, విశ్రాంతి దానికిని కావలెను; చేపకు లేని అక్కఱ మఱియొకటి దానికి కలదు, అది ఇల్లు.

సన్యాసి పీత శిరస్సు, వక్షము, డెక్కలు గట్టి పెంకుతో కప్పబడియున్నను, ఉదరభాగము మాత్రము మెత్తనై, ఒకప్రక్కకు మెలివడియుండును. ఆ మెత్తని భాగమును, చచ్చిన నత్త విడిచిన గుల్లలోనికి జొనిపి, తుదనున్న కొక్కెముల వంటి ఉపాంగములతో గుల్ల లోపలి నడిమి స్తంభమును పట్టుకొని, వెనుకటి రెండు జతల పొట్టికాళ్లతో గుల్లను నిలుపుకొని, నడిమి రెండు జతల కాళ్లతో అది నడచును. నత్తవలె తన గుల్లను తానే పెంచుకొను శక్తి దానికి లేదు గావున, దేహము పెరిగినకొలది ఇల్లు ఇరుకగును. సముద్రతలమున ఒక పెద్ద గుల్ల దొరకినపుడు, దానిలోనికి ఒక పీత మాఱగా, అది విడిచిన గుల్లలోనికి దానికంటె చిన్నది, ఆ చిన్నదాని గుల్లలోనికి ఇంకను చిన్నది చేరి, ఒక్క గుల్ల మూలమున పలు పీతల కొఱత తీరుటను శాస్త్రజ్ఞులు గమనించియున్నారు. గుల్లలు లేని తొట్టిలో దీనికి విపరీతమైనది జరుగును: ఒక పీత తన గుల్లను మఱియొకదాని గుల్లపై పదేపదే కొట్టి దానిని వెళ్లగొట్టజూచును, లేదా సజీవమైన నత్తను చంపి దాని గుల్లను కైకొనును. దీనిని చూచి పీత దుష్టస్వభావము కలదని నిందించుట అన్యాయము. నిరాశ్రయమైన ప్రాణి మఱియేమి చేయగలదు?

కావున ఒక్కొక్క పీతకు రెండు మూడు చొప్పున, ఇప్పటి గుల్లతో సమానమైనవియు కొంచెము పెద్దవియు అగు ఖాళీ గుల్లలను తొట్టి అడుగున ఎల్లప్పుడు ఉంచవలెను. అన్ని జాతులకు ఒకే గుల్ల సరిపడదు. కరీబియన్ సముద్రమునుండి వచ్చు చిన్న నీలికాళ్ల పీతకు గుండ్రని నోరుగల గుల్లలు హితవైనవి. సిలియోపాగూరస్ స్ట్రైగేటస్ అను చారల పీతకు దేహము బల్లపరుపుగా నుండుటచే సన్నని నోరుగల కోను గుల్లలే తగును. రంగు పూసినవి, వార్నిషు పట్టించినవి ఎంత సొగసుగానున్నను తొట్టిలో వేయరాదు. సముద్రపుటొడ్డున ఏఱిన గుల్లలను, లోపల ప్రాణి ఏదియు లేదని చక్కగ చూచుకొనిన పిదప, మంచినీట మరిగించి చల్లార్చి వాడవచ్చును.

ఇక నీటిమాట. 1853వ సంవత్సరమున లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలకై మత్స్యశాల తెఱువబడెను. మఱుసటి యేడు ఫిలిప్ గాస్ తన ‘ది అక్వేరియం’ గ్రంథమును ప్రకటించెను. ఆనాటివారు తొట్టిలోని జీవులకు నీటిమొక్కలు విడుచు ప్రాణవాయువే ప్రధానాధారమని తలచిరి. విసర్జనములనుండి పుట్టు అమ్మోనియాను నైట్రైటుగను, దానిని నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవుల సంగతి, ఆ శతాబ్దము చివర సెర్గీ వినోగ్రాడ్‌స్కీ పరిశోధనములవలన గాని లోకమునకు తేటపడలేదు. నేడు ఆ జ్ఞానము మనకు సులభముగ లభించియుండగా దానిని ఉపేక్షించుట తగదు. రాళ్లపైనను ఇసుకలోనను ఈ సూక్ష్మజీవులు నెలకొనుటకు సామాన్యముగ నాలుగునుండి ఆఱు వారములు పట్టును; పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండును శూన్యమని తేలిన పిమ్మటనే పీతలను తేవలెను.

వంటయుప్పు తొట్టినీటికి పనికిరాదు. సముద్రజలమందలి కాల్షియము, మెగ్నీషియము మొదలగు లవణములన్నియు గల అక్వేరియం ఉప్పునే, క్లోరిను లేని శుద్ధజలమున, వేఱొక పాత్రలో కలిపి, పూర్తిగ కరగనిచ్చి వాడవలెను. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణము, 1.023 మొదలు 1.026 వఱకు విశిష్టసాంద్రత, 24 మొదలు 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణము పెక్కుజాతులకు అనుకూలములు. చిన్న తొట్టిలోని అపాయము ఈ అంకెలు త్వరితముగ మాఱుటయందే కలదు. నలుబది లీటర్ల తొట్టిలో నాలుగు లీటర్లు ఆవిరియైనచో, నీరు పోవునే గాని ఉప్పు పోదు గావున, 35గా నున్న లవణము దాదాపు 39కి ఎక్కును. ఆ లోటును ప్రతిదినము ఉప్పులేని శుద్ధజలముతోనే పూరింపవలెను. ఉప్పునీరు పోయుట పొరపాటు. వారమునకొకమాఱు పదింట ఒక వంతు నీటిని మార్చునపుడు మాత్రము, తొట్టినీటితో సమానమైన ఉప్పదనము, ఉష్ణము గల క్రొత్త ఉప్పునీటిని పోయవలెను.

మన ప్రాంతమున వేసవి ఈ తొట్టికి కఠినపరీక్ష. హైదరాబాదునందో విజయవాడయందో ఏప్రిలు, మే మాసములలో గది వేడెక్కినకొలది నీరును వేడెక్కును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగ ఇముడును. ఆ సమయముననే కరెంటు పోయి నీటిచలనము ఆగినచో పీతలకు ఊపిరాడదు. నీటిపై గాలి వీచునట్లు చిన్న విసనకఱ్ఱయంత్రము అమర్చుటవలన రెండు మూడు డిగ్రీలు తగ్గును గాని, నీరు మఱింత శీఘ్రముగ ఆవిరియగును. బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి చేరువ నుంచుకొనుట ఖరీదైన అలంకారములకంటె ఆవశ్యకము. తీరవాసులు సముద్రజలమునే తెచ్చి పోయుదమని తలచుట సహజము. కాని వర్షకాలమున గోదావరి, కృష్ణా వరదనీరు కలసి తీరజలముల ఉప్పదనము తగ్గును, పట్టణములచేరువ కాలుష్యమును కలియును.

క్రొత్తగా తెచ్చిన పీతను నేరుగ తొట్టిలో వదలక, అది వచ్చిన నీటిలోనికి తొట్టినీటిని సన్నని గొట్టముద్వారా బొట్టుబొట్టుగ, గంటకు తక్కువ కాకుండ కలిపి, పిదప దించవలెను. చేపల తెల్లమచ్చల జబ్బునకు వాడు మందులు కొన్ని రాగిలవణములతో చేయబడినవి. చేపను బ్రదికించు ఆ మోతాదే పీతలకు ప్రాణాంతకము. రోగియైన చేపను వేఱు తొట్టికి మార్చియే వైద్యము చేయవలెను.

పీత పెరుగుటకై పైపెంకును విడుచును. దానికి ముందు మందకొడిగ నుండి, మేత మాని, రాతిమాటున దాగును. పెంకు విడిచిన మఱునాడు కన్నులు, డెక్కలు, కాళ్లు అన్నియు గల పీతరూపమొకటి ఇసుకపై పడియుండుట చూచి, పీత చచ్చినదని దుఃఖించి, గుల్లతోసహా పారవేసినవారు కలరు. పడియున్నది లోన బోలుగ, తేలికగ, దుర్గంధము లేక యున్నచో అది విడిచిన పెంకే; దానిని తీయక విడువుడు, పీత దానిని కొంతవఱకు తినవచ్చును. క్రొత్త పెంకు గట్టిపడువఱకు అది నిస్సహాయము. తోటిపీతల కంటబడకుండ దాగుటకు చోటుండవలెను. తెగిన కాలు సైతము ఇట్టి మార్పులలో క్రమముగ మరల మొలచును. పెంకు విడుచు సూచన లేకుండ పీత గుల్ల వెలుపల దిగంబరముగ తిరుగుట మాత్రము ఆపత్సూచకము. వెంటనే నీటిని పరీక్షించి, కొంత మార్చి, దానిని తగిన గుల్లలతో తొట్టిలోనే ఏకాంతమైన చిన్నపెట్టెలో ఉంచవలెను.

చిన్న తొట్టిలో పుట్టు నాచు పీతల ఆకలికి చాలదు. వారమునకు రెండు మూడు మాఱులు ఎండిన సముద్రపునాచు ముక్కయో, ఉప్పు కారము సోకని రొయ్యముక్కయో గోరుచివరయంత వేసి, మిగిలినదానిని కొన్ని గంటలలో తీసివేయవలెను. పీతలు ఇసుక త్రవ్వును గావున రాళ్లను ఇసుకపై గాక గాజుటడుగుననే నిలుకడగ నిలుపవలెను. నలుబది లీటర్లకు చిన్నజాతి పీతలు రెండు మూడు చాలును.

అంగళ్లలో అమ్ము ఈ పీతలు దాదాపు అన్నియు సముద్రమున పట్టబడినవే. పిల్లలు పలుదశలు గడచు వఱకు నీటిలో తేలియాడుచు పెరుగును గావున ఇండ్లలో వానిని పెంచుట దుర్లభము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము దిబ్బలు కట్టు పగడపుజీవులను, కొన్ని జాతుల శంఖములను రక్షించుచున్నది. అట్టివానిని అలంకారమునకై కొనరాదు. పీతలను పోషింప వీలుకాని పరిస్థితి ఏర్పడినచో, వానిని సముద్రమున విడుచుట దయయని భ్రమింపవలదు. దూరసముద్రములనుండి వచ్చిన జాతులు, వానితోడి రోగములు మన తీరమున ప్రవేశింపవచ్చును. కొన్న అంగడికే తిరిగి ఇచ్చుటయో, తొట్టి నడుపుట తెలిసిన మఱియొకరికి, వాని ఖాళీ గుల్లలతో సహా అప్పగించుటయో చేయవలెను.